టేపు వేసి వచ్చిన రెండు పెట్టెలు

పరదేశం నుంచి వచ్చిన పెట్టె కౌంటరు మీదికి రాగానే ముందు దాని టేపు చూడండి. పంపినవాళ్లు చుట్టిన టేపు ఒకటుంటుంది. వంకరటింకరగా, అవసరానికి మూడింతలు చుట్టి ఉంటుంది. దాని మీద అడ్డంగా ఇంకో టేపు ఉందంటే మధ్యలో కస్టమ్స్ వాళ్లు ఆ పెట్టెను విప్పి, చూసి, మళ్లీ మూశారన్నమాట. ఆ రెండో టేపు వేసిన మనిషికి పెట్టె ఎవరిదో తెలియదు. తెలిసింది మనకు. అందుకే జవాబు చెప్పాల్సిందీ మనమే.

నేను తపాలా శాఖలో ముప్పై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనేవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, అవి చదివి ఎవరూ బాగుపడరు. కొత్తగా కౌంటరు వెనక కూర్చునే పిల్లల కోసం ఒక్క తప్పు గురించి రాస్తున్నాను. ఆ తప్పు నాదే.

దిండు కోసిన చేతులు

మా పడమటి ప్రకాశంలో వాన ఒక ఏడు పడితే రెండేళ్లు ముఖం చాటేస్తుంది. కంది చేలు ఎండిపోయాక ఆడవాళ్లు కువైట్ ఇళ్లల్లో పనికి పోవడం మొదలుపెట్టారు. ఏడాదికో రెండేళ్లకో వాళ్ల దగ్గర నుంచి ఒక పెట్టె వస్తుంది. పాలపొడి, బాదంపప్పు, సబ్బులు, చాక్లెట్లు, అత్తరు, ఒక చీర, ఒక చొక్కా. ఆ మనిషి అక్కడ ఏం తింటున్నదో ఎవరికీ తెలియదుగానీ, ఇక్కడివాళ్లు ఏం తినాలో మాత్రం ఆ పెట్టెలో ఉండేది.

అది నేరుగా మన దగ్గరికి రాదు. పెద్ద నగరంలో కస్టమ్స్ వాళ్ల బల్ల మీద నెలా నెలన్నర పడి ఉంటుంది. వచ్చేసరికి పాలపొడి ప్యాకెట్టుకు ఊచ గుచ్చిన బెజ్జం, ఖర్జూరం నిండా చీమలు, అత్తరు సీసా పగిలి చీరంతా మరకలు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కదా, అట్లా. ఒకసారి ఒక ముసలామె కోసిన దిండు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నా కూతురు పంపిన దిండు కోసినారే. దిండులో దూది కాకుండా ఏముంటది సారూ?"

 కస్టమ్స్ వాళ్లను ఊరికే తిట్టడం కూడా న్యాయం కాదు. పాలపొడిలో బంగారం దాచి పంపే ఘనులూ ఉన్నారు. విప్పడం వాళ్ల ఉద్యోగం. నా కోపమంతా మూయడం గురించే. విప్పేటప్పుడు నాలుగు కళ్లతో చూసేవాళ్లు, మూసేటప్పుడు కళ్లు మూసుకుని మూస్తారు.

నాకు ఈ పని నేర్పింది పెద్దదోర్నాలలో నా మొదటి పోస్టుమాస్టరు మస్తాన్ సాహెబ్. శ్రీశైలం బస్సుల దుమ్ములో కూర్చుని, పాన్ నములుతూ, రెండో టేపు ఉన్న ప్రతి పెట్టెనూ త్రాసు మీద పెట్టించేవాడు. పెట్టె మీద రాసిన బరువుకూ త్రాసు చూపిన బరువుకూ తేడా ఉంటే, తీసుకునే మనిషి ఎదుట, ఇద్దరు సాక్షులను కూర్చోబెట్టి పెట్టె విప్పాలి. లోపల ఏముందో జాబితా రాసి సంతకం పెట్టించుకోవాలి.

"పెట్టె అబద్ధమాడతది బేటా, త్రాసు ఆడదు," అనేవాడు.

చాలా ఏళ్లు ఆయన చెప్పినట్టే చేశాను. తర్వాత ఒక ఊళ్లో అట్లా పెట్టె విప్పితే రెండు సబ్బులు తగ్గాయని అన్నదమ్ములిద్దరు నా ఆఫీసులోనే కొట్టుకున్నారు. పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? ఇచ్చి సంతకం తీసుకో," అని నలుగురి ముందు నన్ను కసిరాడు. నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి తూకం వేయడం మానలేదుగానీ, తేడా వస్తే చూసీ చూడనట్టు పోవడం నేర్చుకున్నాను. అధికారి తిట్టాడని పని మానుకున్నవాడు తన సోమరితనానికి ఒక సాకు దొరికించుకున్నాడని అర్థం. ఇది నా గురించే రాస్తున్నాను.

మోగిన సంచి

నేను చివర్లో పనిచేసిన ఊరి పేరు రాయను. వెలిగండ్లకు ఆటో దూరం అనుకోండి చాలు. ఆఫీసు ముందు, మా ఇల్లు వెనక. పొద్దున్నే ఏడింటికి టపా వ్యాను వచ్చేది. ఎండాకాలం మొదట్లో ఒకరోజు డ్రైవరు సంచి దించుతూ దించుతూ చటుక్కున వదిలేసి వెనక్కి దూకాడు.

"సార్, ఇది మోగతాంది."

నిజమే. సంచి లోపల నుంచి సన్నగా, ఆగకుండా, పిట్ట అరిచినట్టు మోత. ఒక నిమిషం మోగి దానంతటదే ఆగిపోయింది. డ్రైవరు మళ్లీ ఆ సంచిని ముట్టుకోలేదు. నేనే విప్పాను. కువైట్ నుంచి వచ్చిన అట్టపెట్టె, దాని మీద రెండో టేపు. చెవి ఆనిస్తే లోపల టిక్కు టిక్కుమంటోంది. అలారం గడియారం. ఈ చప్పుడు విని కస్టమ్స్ వాళ్లు కంగారుపడి విప్పి ఉంటారని నవ్వుకున్నాను.

సాయంత్రం ఏడింటికి మళ్లీ మోగింది. ముళ్ల గడియారానికి పగలూ రాత్రీ తేడా తెలియదు, రోజుకు రెండుసార్లు మోగుతుంది. తాళం వేసిన ఆఫీసులో, చీకట్లో, ఎవరూ లేనిచోట ఆ మోత గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఎవరినో లేపుతాన్నట్టుంది. దాన్ని తొందరగా ఇచ్చేయండి," అంది.

నేను లెక్కేసుకున్నాను. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ ఏడంటే అక్కడ నాలుగున్నర. ఎవరో తెల్లారకముందే లేవాల్సిన మనిషి పెట్టుకున్న టైము అది. ఆ మనిషి అక్కడ ఇప్పుడు దేన్ని చూసి లేస్తున్నదో అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చి పోయింది.

పెట్టె ఓబులమ్మకు వచ్చింది. ఆ చుట్టుపక్కల పల్లెలో గొర్రెలు పెంచే ఇల్లాలు. తల్లి పోయాక చెల్లెలు చెంచమ్మను ఎత్తుకుని పెంచింది. చెంచమ్మ కువైట్ పోయి మూడేళ్లు. మర్నాడు ఓబులమ్మ, ఆమె మొగుడు ఆటోలో వచ్చారు. ఆటోలో ఒక గొర్రె కాళ్లు చాపి పడుకుని ఉంది.

నేను పెట్టెను త్రాసు మీద పెట్టాను. పెట్టె మీద రాసింది పద్నాలుగు కిలోలు. త్రాసు చూపింది తొమ్మిది.

ఓబులమ్మ గుమ్మం దగ్గర నుంచే తొందరపెట్టింది. "సారూ, గొర్రె ఎగపోస్తాంది. పశువుల డాక్టరు పోతాడు. తొందరగా ఇయ్యి సారూ."

ఐదు కిలోలు తక్కువ. కస్టమ్స్ వాళ్లు ఏదో తీసి ఉంటారు, ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను. సాక్షులను పిలవాలి, విప్పాలి, రాయాలి. బయట గొర్రె రొప్పుతోంది. రిజిస్టరు చూపించి, "ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా," అన్నాను. పెట్టెను గొర్రె పక్కన పెట్టుకుని వెళ్లిపోయారు.

ఉతికి మడిచిన బట్టలు

నాలుగో రోజు మా డెలివరీ మనిషి కొండయ్య పల్లెల్లో తిరిగి వచ్చి, సంచి దించకుండానే చెప్పాడు.

"ఓబులమ్మ చెల్లెలు పోయిందంట సార్. కువైట్లో."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేంది సార్. పెట్టెలో పాతగుడ్డలొచ్చినాయి."

ఇది బయటివాళ్లకు అర్థం కాదు, చెబుతాను. అక్కడ పనిచేసే మనిషి చనిపోతే, తోటి ఆడవాళ్లు ఆమె బట్టలు ఉతికి, మడిచి, ఆమె వాడుకున్న నాలుగు వస్తువులతో పెట్టెలో పెట్టి ఇంటికి పంపుతారు. శవం రాకపోయినా పెట్టె వస్తుంది. బతికున్న మనిషి కట్టి విడిచిన బట్టలు పంపదు, కొత్తవి పంపుతుంది. అందుకని మా పల్లెల్లో పెట్టె విప్పగానే పాతబట్టలు కనబడితే, ఉత్తరం అక్కర్లేదు. ఏడుపు మొదలవుతుంది. పైగా చెంచమ్మ ఫోను మూడు వారాలుగా మోగడం లేదు.

ఆ సాయంత్రం నేను వెళ్లాను. పలకరించడానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. దారి పొడుగునా ఐదు కిలోలు నా వెనకే నడిచి వచ్చాయి.

పెట్టె ఇంట్లో లేదు. గొర్రెల దొడ్డి పక్కన చుట్టింట్లో ఎత్తుపీట మీద పెట్టారు. రంగు వెలిసిన నైటీలు, ఒక నల్ల బురఖా, స్టీలు గ్లాసు, దువ్వెన, కళ్లజోడు, గడియారం. దువ్వెన పళ్లలో రెండు నెరిసిన వెంట్రుకలు ఇంకా ఉన్నాయి. వాసన మాత్రం సబ్బుదే. ఎవరో శ్రద్ధగా ఉతికారు.

ఓబులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వాళ్ల కులపెద్ద పుల్లయ్య మంచం మీద కూర్చుని నాకు విషయం చెప్పాడు. శవం లేదు కాబట్టి పదకొండో రోజు, పెద్దదినం నాడు, ఈ బట్టలనే పెట్టెతో సహా పూడ్చి కర్మ చేస్తారట.

"ఒకవేళ మనిషి బతికుంటే?" అన్నాను.

పుల్లయ్య నా వైపు జాలిగా చూశాడు. "కర్మ జరిగినాక బతికున్నా లేనట్టే సార్. వాకిట్లోనించి గడప దాటి లోపలికి రాగూడదు. దొడ్డిదోవన రావాల. పెద్దలనించి వస్తాండే కట్టు."

అప్పుడే ఏడయింది. గడియారం మోగింది.

ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరూ ఉన్నచోటే ఆగిపోయారు. చేట పట్టుకున్నామె చేట పట్టుకునే నిలబడింది. దొడ్డిలో గొర్రెలు కూడా తలలెత్తాయి. ఎవరూ దాన్ని ఆపలేదు. ఓబులమ్మ కళ్లు మూసుకుని, చాలా మామూలుగా, పక్కింట్లోంచి పిలిస్తే పలికినట్టు పలికింది.

"వస్తాన్నా తల్లీ."

మోత ఆగాక ఆమె నాతో చెప్పింది, "పొద్దున్నోసారి, మాపున్నోసారి పిలుస్తాంది సారూ. ఏం గావాల్నో చెప్పదు."

 నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఆ ఇంట్లో ఒక చావు ఉందని, అది తనది కాని చోట కూర్చుని ఉందని ఆ క్షణంలో నాకు అనిపించింది. ఎందుకనిపించిందో చెప్పలేను. ఏదో ఒకటి చేయాలని కళ్లజోడు చేతిలోకి తీసుకున్నాను.

"చెంచమ్మ జోడు పెట్టుకునేదా?"

ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. "దానివి గద్ద కళ్లు సారూ. కొండెక్కి తప్పిపోయిన గొర్రెను కిందనించి చూసి చెప్పేది."

"ఎడారి ఎండకు చూపు పోయుంటది," అన్నాడు పుల్లయ్య.

జోడు డబ్బా తిప్పి చూశాను. మీద తెలుగు అక్షరాల్లో మార్కాపురం కళ్లద్దాల దుకాణం పేరుంది. చెంచమ్మ మార్కాపురంలో జోడు కొన్నది లేదు. కువైట్లో కొని ఉంటే డబ్బా మీద తెలుగు ఉండదు. పెట్టె దగ్గరికి వెళ్లి, పైన అంటించిన సరుకుల జాబితాను రెండో టేపు కింద నుంచి గోరుతో పైకి లేపి చదివాను. చొక్కా, రెండు చీరలు, బాదంపప్పు, సబ్బులు, చాక్లెట్లు. అన్నీ కొత్తవి. పెట్టెలో ఒక్కటీ లేదు.

"కస్టమ్స్ కట్టాల్సొస్తదని అందరూ అబద్ధాలే రాస్తారు గదా," అన్నాడు పుల్లయ్య. అందులోనూ నిజముంది. కొత్తవి పంపుతూ పాతబట్టలని రాసేవాళ్లను వందమందిని చూశాను. పాతవి పంపుతూ కొత్తవని రాసినవాళ్లను మాత్రం చూడలేదు.

ఇక దాచలేకపోయాను. "ఈ పెట్టె బరువు ఐదు కిలోలు తేడా ఉందమ్మా. ఆ రోజే చూశాను. అక్కడే విప్పి చూపించి ఉండాల్సింది. ఇది మీ పెట్టేగానీ లోపల ఉన్నది మీది కాదేమో."

ఓబులమ్మ మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"తెలిసీ ఇచ్చినావా సారూ?"

నా ఉద్యోగంలో నాకు మెమోలు వచ్చాయి, ఇంక్రిమెంటు ఆగింది. ఆ ఒక్క మాట ముందు అవి ఏమీ కావు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, కొత్తవాళ్లకు త్రాసు గురించి పాఠాలు చెప్పిన నేను ఆ చుట్టింట్లో తలవంచుకుని నిలబడ్డాను.

రెండో పెట్టె

మర్నాడు మార్కాపురంలో పార్శిళ్లు చూసే నారాయణకు ఫోన్ చేశాను. మేమిద్దరం ఒకేసారి ఉద్యోగంలో చేరాం. ఆ వారం కువైట్ పెట్టెలు ఇంకేమైనా వచ్చాయా అని అడిగితే రిజిస్టరు చూసి చెప్పాడు. రెండే వచ్చాయి, ఒకే సంచిలో. ఒకటి మాది. రెండోది తర్లుపాడు అవతల ఒక పల్లెకు, ఏసురత్నం అనే పలకల పనివాడికి.

"బరువు చూశావా?" అన్నాను.

"నువ్వు చూసినావా?" అన్నాడు నారాయణ. 

సాయంత్రానికి అతనే విచారించి మళ్లీ ఫోన్ చేశాడు. ఏసురత్నం భార్య సువార్తమ్మ కువైట్లో పనిచేసేది. గుండె ఆగి పోయిందని, అక్కడే పూడ్చేశామని రెండు నెలల కింద ఎవరో ఫోన్ చేసి చెప్పారట. ఆ నంబరు మళ్లీ పలకలేదు. ఏసురత్నం ఏడ్చి, పాస్టరును పిలిచి ప్రార్థన చేయించుకున్నాడు. ఇప్పుడేమో ఆమె పేరుతో పెట్టె వచ్చింది. నిండా కొత్త సరుకు.

"ఊరంతా చాక్లెట్లు పంచినాడంట. భార్య బతికే ఉందని, ఫోన్ చేసినోళ్లు అబద్ధం చెప్పినారని," అన్నాడు నారాయణ.

అప్పుడు నాకు కస్టమ్స్ బల్ల కళ్లకు కట్టింది. గడియారం చప్పుడుకు ఒక పెట్టె విప్పారు. అటువైపు పోయేదే కదా అని పక్కదీ విప్పారు. రెండు కుప్పలు పోశారు. మూసేటప్పుడు ఈ కుప్ప ఆ పెట్టెలోకి, ఆ కుప్ప ఈ పెట్టెలోకి పోయింది. టేపు వేశారు. అంతే. బతికున్న మనిషికి ఒక ఇంట్లో పెద్దదినం, చనిపోయిన మనిషికి ఇంకో ఇంట్లో పండగ.

ఓబులమ్మ ఇంటికి పరుగెత్తాను. పుల్లయ్య ఒప్పుకోలేదు. పెద్దదినానికి చుట్టాలకు కబురు పోయింది, పెట్టె మారిందన్నంత మాత్రాన మనిషి బతికున్నట్టేంది, ఫోన్ ఎందుకు పలకదు అన్నాడు.  పదకొండో రోజు గుంత తవ్వి, చుట్టాలంతా వచ్చాక, ఓబులమ్మ పోయి ఆ పెట్టె మీద కూర్చుంది.

"సారు మాట అబద్ధమైతే రేపు పూడుద్దాం, ఎల్లుండి పూడుద్దాం. గుంత యాడికీ పోదు. నిజమైతే మాత్రం, నా చెల్లెల్ని దొడ్డిదోవన రమ్మని నేను చెప్పలేను."

ఎవరు లేపినా లేవలేదు. చుట్టాలు గొణుక్కుంటూ అన్నం తిని పోయారు.

మర్నాడు మధ్యాహ్నం ఓబులమ్మ ఫోన్ మోగింది. చెంచమ్మ పనిచేసే ఇంటివాళ్లు సెలవులకు వేరే దేశం పోతూ ఆమెను కూడా తీసుకుపోయారు, అక్కడ ఆమె ఫోను పనిచేయలేదు. తిరిగి రాగానే చేసింది.

"అక్కా, చొక్కా బావకు సరిపోయిందా?"

ఓబులమ్మ ఫోన్ మొగుడి వైపు చాపిందట. బావే ఫోన్ తీసుకుని, సరిపోయిందని చెప్పాడట.

ఆ ఇంట్లో నవ్వులు మొదలయ్యాయి. పుల్లయ్య కూడా వచ్చి గుంత పూడ్పించాడు. నేను వెళ్లేసరికి ఓబులమ్మ ఒక్కతే చుట్టింట్లో కూర్చుని ఆ నైటీలను మళ్లీ ఒక్కొక్కటే మడుస్తోంది.

"ఈ తల్లి ఎవరో గాని, మా ఇంట్లో ఇన్నిదినాలు ఏడిపించుకునింది సారూ. చుట్టమే అయింది. దీన్ని దీనింటికి చేర్చు."

గడియారంలో బ్యాటరీ తీసేద్దామని చెయ్యి పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పరాయి సొమ్ము. ఉన్నదున్నట్టు ఇయ్యి."

మొదట్లో నాకు మస్తాన్ సాహెబ్ నేర్పిందీ అదే.

ఏడు గంటలు

నిబంధన ప్రకారం ఆ పెట్టెను పైకి రాసి వెనక్కి పంపాలి. పంపితే ఆ పెద్ద నగరపు బల్ల మీద ఇంకో ఆర్నెల్లు పడి ఉండేది. గోనెసంచిలో కట్టుకుని నేనే బయల్దేరాను. అదీ వెంటనే కాదు. రెండు రోజులు వాయిదా వేశాను. ఆఫీసులో పనుందని అనుకున్నాను, ఏ పనీ లేదు. చివరికి ఒక సాయంత్రం మార్కాపురం చేరి నారాయణ ఇంట్లో పడుకున్నాను. ఏసురత్నం ఎనిమిదింటికి పనికి పోతాడని, పొద్దున్నే పోతేనే దొరుకుతాడని నారాయణ చెప్పాడు. మొదటి ఆటో పట్టుకుని ఆరున్నర దాటాక ఆ పల్లెలో దిగాను.

ఇంటికి కొత్తగా సున్నం కొట్టి ఉంది. వాకిట్లో పగిలిన పలక బండలు పరిచి బాట వేసి ఉంది. ఏసురత్నానికి నలభై అయిదేళ్లు ఉండొచ్చు. గోళ్లలో, చెవుల్లో పలకల దుమ్ము. ఒంటి మీద లేత నీలం చొక్కా, మడతలు ఇంకా పోలేదు. పోస్టాఫీసు నుంచి వచ్చానంటే కుర్చీ వేశాడు. గోనెసంచిని పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపే అతనే మొదలుపెట్టాడు.

"పెట్టె బాగనే అందింది సార్. ఎవురో ఫోన్ జేసి నా భార్య సచ్చిపోయింది, ఈడనే పూడ్చినామన్నారు. సచ్చినోళ్లు చొక్కా పంపుతారా సార్? అదీ నా కొలతకు?"

"ఆమె ఫోన్ చేసిందా?" అని మాత్రం అడగగలిగాను.

"చేస్తది. వాళ్ల సేటు ఫోన్ గుంజుకోనుంటాడు. దినామూ ఏడింటికే చేసేది, ఆడ పని మొదలుగాకముందే. అందుకే ఇప్పుడు గూడా ఏడింటికి ఫోన్ పట్టుకోనే కూచుంటా."

అన్నట్టుగానే చొక్కా జేబులోంచి ఫోన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నేను చేతి గడియారం చూసుకున్నాను. ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆ నాలుగు నిమిషాల్లో చెప్పాలి. నాయనా అని మొదలుపెట్టాలా, ఏసురత్నం అని పిలవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లు ఎన్నో చావు టెలిగ్రాములు చదివి వినిపించిన నోరు, ఒక్క మాటకు తెరుచుకోలేదు. అతను ఫోన్ వైపు చూస్తున్నాడు, నేను పలక బండల వైపు.

సంచి మోగింది.

ముందు అతను ఫోన్ చూశాడు. ముఖం వెలిగింది కూడా. తర్వాత మోత ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిసి, మెల్లగా గోనెసంచి వైపు తిరిగాడు. 

"ఫోన్లో ఎనకాల ఇదే మోగతా ఉండేది సార్," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు, ఉండు, ఆపి వస్తా అంటది."

ఇద్దరం ఎదురుచూశాం. నిజంగా ఎదురుచూశాం, ఈ మాట ఎవరేమనుకున్నా సరే రాస్తున్నాను. ఎవరూ రాలేదు, ఎవరూ ఆపలేదు. అది నిమిషం పాటు మోగి, దానంతటదే ఆగిపోయింది.

అప్పుడు నేనే సంచి విప్పి పెట్టె ముందు పెట్టాను. అతను నైటీలను ముట్టుకోలేదు. దువ్వెన తీసి, నెరిసిన వెంట్రుకలు చూసి, మళ్లీ అట్లాగే పెట్టాడు. రెండు పెట్టెల సంగతీ, నేను ఐదు కిలోల తేడా చూసి ఊరుకున్న సంగతీ దాచకుండా చెప్పాను. అతను వింటూనే చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. చొక్కాను మోకాలి మీద పెట్టుకుని, దుమ్ము దులిపి, ఉన్న మడతల్లోనే మడిచాడు.

"వాళ్లకియ్యి సార్. చీరలూ సబ్బులూ అట్లనే ఉన్నాయి. చాక్లెట్లే పంచినా, ఏమనుకోవద్దని చెప్పు."

"నన్ను క్షమించు ఏసురత్నం. ఆ రోజే విప్పి ఉంటే నీకీ బాధ లేకుండా పోయేది," అన్నాను.

అతను మడిచిన చొక్కాను నా చేతిలో పెట్టాడు.

"ఈ పదైదు దినాలు మా ఇంట్లో బతికే ఉండె సార్. ఇంగో నాలుగుదినాలు ఆగి రావల్సింది మీరు."

నేను లేచాను. పోతూ పోతూ గడియారం చేతిలోకి తీసుకుని, ఏదో ఒక సాయం చేయాలని, మన టైముకు మార్చి ఇవ్వనా అని అడిగాను. అతను నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

"వద్దులే సార్," అన్నాడు. "ఏడింటికే మోగనీ."